కరెంటు కారు, పెట్రోలు కారు: కోనసీమ స్త్రీల వైపు నించి ఒక లెక్క

(అమలాపురంలో జరిగిన మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ సమావేశంలో పర్యావరణం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కార్ల గురించి మాట్లాడతానని చెప్పాను. కొంతమంది ఆశ్చర్యపోయారు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో కారున్న స్త్రీలు ఎంతమంది? మనలో ఎక్కువమంది పల్లెవెలుగు బస్సులోనో, షేర్ ఆటోలోనో, సఖినేటిపల్లి రేవు దాటే పంటు మీదో వచ్చిన వాళ్ళమే. మరి మనకెందుకు ఈ చర్చ అన్నది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, కార్లు మనవి కాకపోయినా వాటిని నడిపించే ఇంధనం మన నేల కింది నించి వెళుతోంది. ఆ ఇంధనం ఖర్చులో మన వాటా ఎప్పుడూ వుంది. లాభంలోనే లేదు.

కొన్ని నెలల క్రితం మామిడికుదురు మండలంలో కొబ్బరి పీచు పనిచేసే స్త్రీలతో మాట్లాడుతుండగా ఒకావిడ నన్ను అడిగింది: "కరెంటు కార్లొచ్చేస్తే మా తోటలో గొట్టం తీసేస్తారాండి?" నాకు వెంటనే జవాబు తోచలేదు. పుస్తకాలలో చదివిన లెక్కలన్నీ ఏ కారు ఎంత పొగ వదులుతుందనే చెబుతాయి. ఆవిడ అడిగింది పొగ గురించి కాదు, గొట్టం గురించి. ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే అనుకోండి.

ముందు పొగ లెక్క చూద్దాం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు 100 కిలోమీటర్లు తిరిగితే దాని గొట్టం నించి 15 కిలోలు వస్తుంది. చమురు తవ్వడం, శుద్ధి చెయ్యడం, లారీలలో బంకులకు చేర్చడం కూడా కలిపితే అది 19 కిలోల దాకా పోతుంది. ఇక కరెంటు కారు. మామూలు సైజు కారుకి 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు కావాలి. ఛార్జింగులో, తీగలలో పోయే నష్టాలు కలుపుకుంటే విద్యుత్ కేంద్రంలో దాదాపు 20 యూనిట్లు తయారుచెయ్యాలి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సగటున 0.7 కిలోల పైన బొగ్గుపులుసు వాయువు వస్తోంది. అంటే కరెంటు కారుకీ 14 కిలోలు పడుతుంది. కారు వెనక గొట్టం లేదు కాబట్టి పొగ లేదనుకోవడం పొరపాటు. పొగ గొట్టం పరవాడలో వుంది, ఇబ్రహీంపట్నంలో వుంది, రామగుండంలో వుంది.

కారు తయారీలో ఇంకో ఖర్చుంది. 40 యూనిట్ల బ్యాటరీ ఒకటి తయారవడానికి, ఏ దేశంలో ఎలాంటి కరెంటుతో చేశారన్న దాన్ని బట్టి, రెండున్నర నించి నాలుగు టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మూడు టన్నులనుకుందాం. అంటే కరెంటు కారు అప్పుతో పుడుతుంది. ప్రతి 100 కిలోమీటర్లకు నాలుగైదు కిలోల చొప్పున ఆ అప్పు తీరాలంటే 60, 70 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజూ వంద కిలోమీటర్లు నడిచే టాక్సీకి ఇది రెండేళ్ళ పని. వారానికోసారి రాజమండ్రికో, కాకినాడకో వెళ్ళొచ్చే కారుకి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. అప్పు తీరిన తర్వాత ప్రతి కిలోమీటరూ ఆదాయే. పైగా బొగ్గు తగ్గి, ఎండ నించీ గాలి నించీ వచ్చే కరెంటు పెరిగిన కొద్దీ కరెంటు కారు శుభ్రమవుతుంది. పెట్రోలు కారు కొన్న రోజు ఎలా వుందో చివరిదాకా అలాగే, లేదా అంతకంటే అధ్వాన్నంగా వుంటుంది. కాబట్టి మొత్తమ్మీద కరెంటు కారే మేలు. ఈ మాట నేను దాచిపెట్టదల్చుకోలేదు. పెట్టుబడిదారీ సరుకు కాబట్టి రెండూ ఒకటేనని కొట్టెయ్యడం బద్ధకపు విమర్శ అవుతుంది.

ఊరి గాలి సంగతి కూడా చూడాలి. అమలాపురం గడియారస్తంభం సెంటర్లో సాయంత్రం ఆరు గంటలకు నిలబడి చూడండి. రోడ్డు పక్కన పూలమ్మే వాళ్ళు, కూరలమ్మే వాళ్ళు, బస్సు కోసం పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ వాళ్ళు ఎవరు? ఎక్కువమంది స్త్రీలే. అద్దాలు మూసుకుని వెళ్ళే వాడికి ఆ పొగ తగలదు. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడూ, బెంజీనూ, ఊపిరితిత్తుల లోతుకి దిగే సన్నని ధూళీ వుంటాయి. బెంజీను క్యాన్సర్ కారకం. పెట్రోలు బంకుల్లో రోజంతా పైపు పట్టుకు నిలబడే ఉద్యోగాల్లోకి ఇప్పుడు ఆడపిల్లలు కూడా వస్తున్నారు. కరెంటు బండి ఈ పొగను సెంటర్లోంచి తీసేస్తుంది. అది నిజమైన లాభం. టైర్ల అరుగుదల నించి వచ్చే ధూళి మాత్రం పోదు. బ్యాటరీ బరువు వల్ల అది కొంత పెరుగుతుంది కూడా.

అయితే ఈ లెక్కలన్నీ కారుకి కారుని పోల్చేవే. ఏ కారు మంచిదని అడిగితే కారు అవసరమా అన్న ప్రశ్న ముందే మాయమైపోతుంది. మనం ఇంకో పోలిక చేద్దాం. పాత డీజిల్ పల్లెవెలుగు బస్సు ఒకటి లీటరుకి నాలుగున్నర, అయిదు కిలోమీటర్లు నడుస్తుంది. 100 కిలోమీటర్లకు 20 నించి 22 లీటర్లు తాగుతుంది. డీజిల్ తయారీ ఖర్చుతో సహా 70 కిలోల పైన బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. చూడడానికి ఘోరమే. కానీ అందులో 40 మంది కూర్చుంటే మనిషికి రెండు కిలోలు కూడా పడదు. కొత్త కరెంటు కారులో ఒక్కడే కూర్చుని వెళితే అదే దూరానికి అతని వాటా 14 కిలోలు. అంటే కొబ్బరి బుట్టతో డొక్కు బస్సులో రాజోలు సంతకెళ్ళే ఆవిడ, ఆ కారు యజమాని కంటే ఏడు రెట్లు తక్కువ పొగకి కారణమవుతోంది. పర్యావరణ స్పృహ గురించి ఎవరు ఎవరికి పాఠం చెప్పాలి?

ప్రభుత్వాలు ఎవర్ని ప్రోత్సహించాయో కూడా చూడండి. 2019 ఆగస్టులో విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 12 నించి 5 శాతానికి తగ్గింది. కారు ధర పది లక్షలైనా కోటి రూపాయలైనా అదే 5 శాతం. అదే సమయంలో ఆడపిల్ల బడికి వెళ్ళే సైకిలు మీద 12 శాతం పన్ను వుండేది. 2025 సెప్టెంబరులో గాని సైకిలు 5 శాతానికి రాలేదు. ఏ పొగా లేని, ఏ గొట్టమూ అక్కర్లేని బండికి కోటి రూపాయల కారుతో సమానమైన గౌరవం దక్కడానికి ఆరేళ్ళు పట్టింది. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లను పక్కన పెట్టి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, బస్సులకు డబ్బు కేటాయించారు. అది సరైన దిశ. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. దాన్ని ఓట్ల కోసం పంచిన తాయిలమని వెక్కిరించే వాళ్ళు, పైన చెప్పిన 14 కిలోల, రెండు కిలోల లెక్క ఒకసారి వెయ్యాలి. కానీ టిక్కెట్టు లేకపోవడం వేరు, బస్సు వుండడం వేరు. లంక గ్రామాలకి వచ్చే బస్సులెన్ని? సాయంత్రం ఏడు దాటితే వచ్చేవెన్ని? అమలాపురానికి రైలు ఈనాటికీ రాలేదు. కోటిపల్లి, నర్సాపురం రైలు మార్గం కోసం తరాలు ఎదురుచూశాయి.

ఇప్పుడు గొట్టం దగ్గరికి వస్తాను.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి బద్దలై మంటలు లేచినప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. 65 రోజులు మండింది. మార్చి నడిమిదాకా ఆ చుట్టుపక్కల ఊళ్ళకి రాత్రి లేదు. మా ఊరి నించి ఆకాశం ఎర్రగా కనిపించేది. ఊళ్ళు ఖాళీ చేయించారు. పశువుల్ని తోలుకుని, వంట సామాను మూటగట్టుకుని, బంధువుల అరుగుల మీదా బడి గదుల్లోనూ సంసారం చేసింది స్త్రీలే. ఆ మంట గురించి రాసిన వాటిలో సాంకేతిక నిపుణులు ఎలా పోరాడారో చాలా వుంది. 65 రోజులు పిల్లల్ని ఎలా నిద్రపుచ్చారో ఎక్కడా లేదు. ఇంకో విషయం నాకు అప్పుడు తట్టలేదు, తర్వాత తట్టింది. నేల కింది గ్యాసు అలా ఆకాశానికి ఎగసిపోతున్న రోజుల్లోనే ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవాళ్ళు కొబ్బరి మట్టలూ డొక్కలూ పొయ్యిలో పెట్టి ఊదుకుంటూ వంట చేసుకుంటున్నారు. పేద స్త్రీలకు గ్యాసు పొయ్యి ఇస్తామన్న దీపం పథకం 1999లో గాని రాలేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలింది. రాత్రంతా కారిన గ్యాసు పల్లంలో పేరుకుంది. ఎవరో పొయ్యి వెలిగించగానే ఊరు ఊరంతా అంటుకుందని అక్కడివాళ్ళు చెబుతారు. 20 మందికి పైగా చనిపోయారు, పిల్లలతో సహా. కొబ్బరి చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే మాడిపోయాయి. నీరూ, ద్రవాలూ తీసేసిన పొడి గ్యాసు మాత్రమే వెళ్ళాల్సిన గొట్టంలో తడి గ్యాసు వెళ్ళడం వల్ల లోపల తుప్పు పట్టిందని తర్వాత తేలింది. గ్యాసు వాసన వస్తోందని అంతకు ముందు నించీ చెబుతూనే వున్నామని ఊరివాళ్ళు అన్నారు. వాసనను ముందు పసిగట్టేది ఎవరు? తెల్లవారుజామున లేచి వాకిలి చిమ్మి, పొయ్యి రాజేసే స్త్రీలే. వాళ్ళు చెబితే నమోదు చేసుకునే పుస్తకం ఏ కార్యాలయంలోనూ లేదు.

ఆ గొట్టం ఎక్కడికి వెళ్ళేది? తాటిపాక నించి కొండపల్లి దగ్గరున్న లాంకో విద్యుత్ కేంద్రానికి. ఈ ఒక్క మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. నగరంలో మనుషుల్ని కాల్చింది కారులో పోసే పెట్రోలు కాదు, కరెంటు కోసం వెళ్ళే గ్యాసు. తాటిపాకలో 2001 నించి ఒక చిన్న శుద్ధి కర్మాగారం కూడా వుంది. ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యం దానిది. చమురూ మన దగ్గర నించే, గ్యాసూ మన దగ్గర నించే. పెట్రోలు కారు యుగంలోనూ, కరెంటు కారు యుగంలోనూ కోనసీమ పాత్ర మారలేదు. ఇక్కడ తవ్వుతారు, వెలుగు ఇంకెక్కడో వుంటుంది.

కాబట్టి ఆ రోజు నన్ను అడిగిన ఆవిడకి నా జవాబు ఇది: కరెంటు కార్లొస్తే వాటంతటవే గొట్టాలు పోవమ్మా. గ్యాసు కరెంటుకి కావాలి, ఎరువులకి కావాలి, వంటకి కావాలి. గొట్టం మీద నీకు హక్కు లేనంత కాలం అందులో ఏది పారినా నీ బతుకు మారదు.

హక్కు అన్నాను కాబట్టి చట్టం చూద్దాం. పొలంలోంచి గొట్టం వెయ్యడానికి 1962 నాటి చట్టం ఒకటుంది. దాని ప్రకారం భూమిని కొనరు. వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. యాజమాన్యం రైతుదే. కానీ ఆ మేర ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వాడుక హక్కుకి ఇచ్చే పరిహారం భూమి మార్కెట్టు విలువలో 10 శాతం, దాంతోపాటు పంట నష్టం. చెట్టు నాటకూడదన్న మాట వరి పొలంలో ఒకలా వుంటుంది, కొబ్బరి తోటలో ఇంకోలా వుంటుంది. కోనసీమలో చెట్టే ఆస్తి, చెట్టే పింఛను. కూతురి పెళ్ళీ కొడుకు చదువూ చెట్ల లెక్కలోనే చూసుకుంటారు.

ఆ పరిహారమైనా ఎవరి చేతికి వెళుతుంది? పట్టా ఎవరి పేరున వుంటే వాళ్ళకి. మన రాష్ట్రంలో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1985లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కాగితం మీద ఇంత ముందున్న మనం, పట్టాదారు పుస్తకాలు తిరగేస్తే ఎక్కడున్నాం? నేను తిరిగిన ఊళ్ళలో అన్నదమ్ములకు సంతకం పెట్టి ఇచ్చేసిన అక్కచెల్లెళ్ళే ఎక్కువ. ఇక తోట కౌలుకి తీసుకున్న వాళ్ళకి, దింపు తర్వాత కాయలు పోగేసి, డొక్క ఒలిచి, పీచు తీసి రోజు కూలి తెచ్చుకునే దళిత స్త్రీలకి ఆ చట్టంలో పేరే లేదు. చెట్టు పోతే యజమానికి పరిహారం. చెట్టు మీద ఆధారపడ్డ పనికి పరిహారం లేదు. చమురు, గ్యాసు కార్యకలాపాల వల్ల జరిగిన కాలుష్యానికి 22 కోట్ల రూపాయలకు పైగా పర్యావరణ పరిహారం కట్టమని 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఓఎన్జీసీని ఆదేశించింది. ఆ ఆదేశం ముఖ్యమైనదే. కానీ అలాంటి డబ్బు వచ్చినప్పుడు ఏ మంచినీళ్ళ చెరువుకి ఖర్చుపెట్టాలో నిర్ణయించే కుర్చీలో నీళ్ళు మోసే వాళ్ళు కూర్చున్నారా అన్నదే మన ప్రశ్న.

బ్యాటరీలకీ ఇలాంటి ఊళ్ళే వున్నాయి. కొన్ని రకాల బ్యాటరీల్లో వాడే కోబాల్టులో ఎక్కువ భాగం కాంగో నించి వస్తుంది. అక్కడ చేత్తో తవ్విన రాళ్ళను కడిగి ఏరే పనిలో స్త్రీలూ పిల్లలూ వున్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో బయటపెట్టింది. చిలీలోని అటకామా ఎడారిలో లిథియం కోసం ఉప్పునీటిని పైకి తోడి ఎండబెడతారు. ఉప్పునీళ్ళు బావుల్లోకి రావడమంటే ఏమిటో అంతర్వేది, సఖినేటిపల్లి వైపు వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మన దేశంలో చాలా వాహనాల్లో కోబాల్టు లేని ఇనుము, ఫాస్ఫేటు రకం బ్యాటరీలు వాడుతున్నారు. అది మెరుగు. చవక ఈ-రిక్షాల్లో మాత్రం సీసం బ్యాటరీలే ఎక్కువ. అవి ఏడాదో ఏడాదిన్నరో పనిచేసి పాత సామాన్ల కొట్టుకి చేరతాయి. పెరట్లో పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ విషం మట్టిలోకీ, పిల్లల రక్తంలోకీ వెళుతుంది. గర్భిణి రక్తంలోని సీసం కడుపులోని బిడ్డకు చేరుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. ఆ సంగతి మన ఊరి ఆటో డ్రైవరుకి ఎవరు చెప్పారు?

అందుకని మన కోరికలు రెండు కార్లలో ఒకదాన్ని ఎంచుకోవడం దగ్గర ఆగకూడదు. నా ఆలోచనలు కొన్ని మీ ముందు పెడుతున్నాను. మీరు చర్చించి మార్చండి.

మొదటిది, విద్యుత్ వాహనాల మీద ప్రజాధనం ముందు బస్సులకీ ఆటోలకీ వెళ్ళాలి. లంక గ్రామాలకు తిరిగే చిన్న కరెంటు బస్సులు కావాలి. ఆటో కొనుక్కోవాలనుకునే స్త్రీలకు భర్త సంతకం అడగని అప్పు కావాలి. రెండోది, ఛార్జింగు కేంద్రాలను వరద మట్టానికి పైన కట్టాలి. 1996 నవంబరు తుఫాను తర్వాత ఎన్ని రోజులు చీకట్లో గడిపామో పెద్దవాళ్ళకి గుర్తుంది. కరెంటు మీదే అంబులెన్సు నడవాలంటే తుఫానులోనూ కరెంటు వుండాలి.

మూడోది, ఏ గొట్టం ఏ సర్వే నంబరు నించి వెళుతోంది, ఎప్పుడు వేశారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అన్నది ప్రతి పంచాయతీలో తెలుగులో గోడ మీద రాయాలి. వాసన వచ్చిందని ఒక స్త్రీ ఫోను చేస్తే ఆ ఫిర్యాదుకు నంబరు ఇచ్చి, గంటల్లో జవాబు చెప్పాలి. నాలుగోది, పరిహారంలో కౌలుదారులకూ, తోట పనివాళ్ళకూ వాటా వుండాలి. భూమి పరిహారం భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో పడాలి. అయిదోది, పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే చోటు ప్రతి మండల కేంద్రంలో వుండాలి.

ఇవేవీ గొప్ప కోరికలు కావు. విద్యుత్ వాహనాన్ని వ్యతిరేకించమని నేను అనడం లేదు. రావాలి. సముద్రం అంతర్వేది ఒడ్డును కోసుకుపోతుంటే, గోదావరి వరదలు లంకల్ని మింగుతుంటే, వేడెక్కుతున్న భూమి గురించి అందరికంటే ముందు మాట్లాడాల్సింది డెల్టాలో బతికే మనమే. కానీ పొగ తగ్గినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. పొగ ఒకరి ముక్కు నించి ఇంకొకరి ముక్కుకి మారితే దాన్ని శుభ్రత అనలేం. పరవాడలోనూ ఇబ్రహీంపట్నంలోనూ బూడిద పడ్డ గిన్నెలు మళ్ళీ మళ్ళీ తోముకునే స్త్రీ మనకు పరాయిది కాదు. కాంగోలో రాళ్ళు కడిగే స్త్రీ కూడా పరాయిది కాదు.

నన్ను ప్రశ్న అడిగినావిడ ఆ రోజు నా జవాబు విని కాసేపు ఊరుకుంది. తర్వాత, "అయితే గొట్టం కాగితాలు ఎవరి దగ్గరుంటాయో చెప్పండి, ఎళ్ళి అడుగుతాం" అంది. సమాచార హక్కు చట్టం కింద ఆ కాగితాల కోసం దరఖాస్తు రాయడం వచ్చే వారం వాళ్ళ ఊళ్ళో మొదలవుతుంది. రాయడం వచ్చిన వాళ్ళు మీలో చాలామంది వున్నారు. వాళ్ళు పక్క ఊళ్ళకి కూడా వస్తారని ఆశిస్తూ ముగిస్తున్నాను.